ఊళ్లోకి మిలిటరీ దిగితే ఎవరి మాట చెల్లుతుంది?

గౌతమిగట్టు
అమలాపురంలోనో కాకినాడలోనో బందోబస్తు కాస్త పెరిగితే చాలు, వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మాట: “మిలిటరీ దిగింది”. ఫొటో పెద్దది చేసి చూస్తే నీలం మచ్చల బట్టలు, చేతిలో లాఠీ. 2022 మే 24న అమలాపురంలో ఇళ్లు తగలబడ్డ రోజు కూడా ఈ పుకారు తిరిగింది. ఆ రోజు వచ్చింది పోలీసులే. సైన్యం రాలేదు.

ఈ విషయం తెలిసినవాళ్లు ఇక్కడ కొందరున్నారు కాబట్టి అడుగుతున్నాను. సైన్యాన్ని ఊళ్లోకి ఎవరు పిలవగలరు? వచ్చాక కలెక్టరు మాట వింటారా, వాళ్ల అధికారి మాటా? కాల్పులకు పద్ధతి ఏమిటి? మన డెల్టాలో, ఈ కాలువలు, రేవుల మధ్య అది నిజంగా పని చేస్తుందా? ఏ పార్టీ ఎవరిని వెనకేసుకొచ్చింది అన్నది మాత్రం వద్దండి, దానికి వేరే చోట్లున్నాయి.

పాత_జమాబందీ
ముందు బట్టలు గుర్తుపట్టడం నేర్చుకోవాలి. సగం పుకార్లు అక్కడే పోతాయి.

నీలం మచ్చలు ఉంటే ర్యాపిడ్ యాక్షన్ ఫోర్స్. అది సీఆర్‌పీఎఫ్‌లో (కేంద్ర రిజర్వు పోలీసు దళంలో) భాగం, 1992 అక్టోబరులో మొదలైంది, అల్లర్ల కోసమే తయారు చేసిన దళం. మనకు దగ్గరలో ఉన్నది హైదరాబాద్‌లోని 99వ బెటాలియన్. ఖాకీ వేసుకుని బస్సుల్లో వచ్చేవాళ్లు చాలాసార్లు మన ఏపీఎస్పీ (రాష్ట్ర ప్రత్యేక పోలీసు) వాళ్లే, 3వ బెటాలియన్ కాకినాడలోనే ఉంది. నారింజ రంగు బట్టలైతే ఎన్డీఆర్ఎఫ్, అంటే జాతీయ విపత్తు స్పందన దళం. ఎన్నికలప్పుడు ఆకుపచ్చ మచ్చలతో కనిపించేవాళ్లు కేంద్ర పోలీసు బలగాలు. వాళ్లు హోంశాఖ కింద పని చేస్తారు, రక్షణశాఖ కింద కాదు.

ఈ తికమక మనకొక్కళ్లకే కాదు. 2016 ఫిబ్రవరిలో హర్యానా జాట్ ఆందోళనప్పుడు సైనికులు “ఆర్మీ” అని రాసిన బ్యానర్లు పట్టుకుని నడవాల్సి వచ్చింది, ఎందుకంటే మిగతా బలగాలు కూడా అవే మచ్చల బట్టల్లో ఉన్నాయి. 2022 జనవరిలో సైన్యం కొత్త నమూనా యూనిఫాం తెచ్చి, దాని మీద హక్కులు నమోదు చేయించుకోవడానికి ఇదీ ఒక కారణం.

కాబట్టి సీఆర్‌పీఎఫ్ వస్తే “సైన్యం” సెక్షన్లు వర్తించవు.

కోర్టుగుమ్మం
జమాబందీ గారూ, చివరి వాక్యం ఒక్కటీ సరిచేయాలి. బట్టల సంగతి బాగుంది గానీ, చట్టం బట్టలు చూడదండి.

నేరాల విషయంలో పోలీసులు, కోర్టులు పాటించే పద్ధతికి ఇప్పుడు నడుస్తున్నది భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 2024 జూలై 1 నుంచి. పాత సీఆర్‌పీసీ 129 నుంచి 132 వరకు ఉన్నవే ఇందులో 148 నుంచి 151 వరకు అయ్యాయి.

148: చట్టవిరుద్ధంగా గుమిగూడినవాళ్లను చెదిరిపొమ్మని ఆజ్ఞాపించడం, వినకపోతే పోలీసు బలంతో చెదరగొట్టడం. ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ (కోర్టు జడ్జి కాదు, ఆర్డీవో, తహసీల్దారు లాంటి అధికారి) చేయవచ్చు, స్టేషన్ అధికారి చేయవచ్చు, ఆయన లేకపోతే ఎస్సై స్థాయికి తగ్గని అధికారి చేయవచ్చు.

149: అలా చెదరకపోతే, ప్రజా భద్రతకు అవసరమైతే, సాయుధ దళాలతో చెదరగొట్టించడం. పాత చట్టంలో “అక్కడున్న మేజిస్ట్రేట్లలో పై హోదా వారు” అని ఉండేది. కొత్తదానిలో “జిల్లా మేజిస్ట్రేట్, లేదా ఆయన అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్, అక్కడ హాజరుగా ఉన్నవారు” అయింది. జిల్లా మేజిస్ట్రేట్ అంటే కలెక్టరే. చిన్న మార్పులా కనిపిస్తుంది, కాదు. ఇదివరకు తహసీల్దారు ఒక్కరే అక్కడ ఉంటే ఆయనే పై హోదా. ఇప్పుడు ఆయన చేతిలో కలెక్టరు ఇచ్చిన అధికారం ఉండాలి. దాన్ని గొడవ మొదలయ్యాక రాయించుకుందామంటే కుదరదు, ముందే తయారుగా ఉండాలి.

150: భద్రతకు స్పష్టంగా ముప్పు ఉండి, ఏ మేజిస్ట్రేటునూ అందుకోలేని పరిస్థితిలో, సాయుధ దళాల కమిషన్డ్ లేదా గెజిటెడ్ అధికారి సొంతంగా చర్య తీసుకోవచ్చు. మేజిస్ట్రేటు దొరికిన క్షణం నుంచి కొనసాగించాలా ఆపాలా అన్నది ఆయన చెప్పినట్టే.

151: రక్షణ. ఇక్కడే మీ చివరి మాటకు జవాబు. “సాయుధ దళాలు” అంటే నేల మీద పనిచేస్తున్న సైన్యం, నౌకాదళం, వాయుసేనతో పాటు, అలా పనిచేస్తున్న కేంద్ర సాయుధ బలగాలు కూడా అని ఆ సెక్షనే చెబుతుంది. కాబట్టి సీఆర్‌పీఎఫ్ బయటిది కాదు.

పాత_జమాబందీ
ఒప్పుకుంటున్నానండి. నిర్వచనం 151లో ఉందని మర్చిపోయాను.

లంకపల్లెకుర్రోడు
అయితే కలెక్టరు గారు ఫోన్ చేసి “నాలుగు రౌండ్లు కాల్చండి” అంటే కాల్చేస్తారా?

కాలమ్_నంబర్_రెండు
కాల్చరు. ఇది చాలామందికి తెలియని చోటు, కాస్త పొడుగ్గా రాస్తాను.

మేజిస్ట్రేటు చెప్పేది ఏం కావాలో. ఎలా చేయాలో చెప్పేది అధికారి. “ఈ గుంపును చెదరగొట్టండి”, “ఈ వంతెనను రాకపోకలకు తెరిచి ఉంచండి”, ఇవి చెల్లే కోరికలు. “లాఠీ ఝళిపించండి”, “నాలుగు రౌండ్లు కాల్చండి” చెల్లవు. చట్టం ప్రకారం కోరికను పాటించి తీరాలి గానీ, తనకు సరి అనిపించిన పద్ధతిలో పాటించాలి. ఆ పద్ధతికి కూడా ఒక హద్దు ఉంది: చెదరగొట్టడానికీ పట్టుకోవడానికీ ఎంత చాలో అంతే బలం, మనిషికీ ఆస్తికీ వీలైనంత తక్కువ హాని. సైన్యం దీన్ని నాలుగు మాటల్లో నేర్పుతుంది: అవసరం, కనీస బలం, నిష్పక్షపాతం, సదుద్దేశం.

బయల్దేరే దళాన్ని కాలమ్ అంటారు. మామూలుగా ఒక కంపెనీ, వంద మందికి అటూ ఇటూ. వాళ్లతో పాటు ఉండాల్సినవి చూడండి: ఒక మేజిస్ట్రేటు, దారులు తెలిసిన పోలీసు ప్రతినిధి, పోలీసు వైర్‌లెస్ సెట్టుతో ఒక మనిషి, వీడియో తీసేవాడు, ప్రథమ చికిత్స బృందం, మైకు, బ్యూగిల్ లేదా విజిల్, స్థానిక భాషలో రాసిన బ్యానర్. బ్యానర్ మీద తెలుగులో “ఈ గుంపు చట్టవిరుద్ధం, వెంటనే వెళ్లిపోండి, లేకపోతే కాల్పులు జరుగుతాయి” అన్న అర్థం వచ్చేలా ఉండాలి. సామాన్ల పెట్టెలో హిందీ బ్యానర్ ఒక్కటే ఉంటే అది లంక ఊళ్లో గుడ్డ ముక్కతో సమానం.

క్రమం ఇలా ఉంటుంది. చోటికి చేరాక మేజిస్ట్రేటు పరిస్థితి చూసి, పోలీసులతో అవ్వదని తేల్చుకుని, ముద్రించిన ఫారం మీద సమయం వేసి సంతకం చేసి ఇస్తారు. వ్యవధి లేకపోతే నోటిమాట చాలు, కాగితం వీలైనంత త్వరగా రావాలి. అప్పుడు బ్యూగిల్, బ్యానర్, మైకులో తెలుగు హెచ్చరిక. కదలడానికి గుంపుకు టైం ఇవ్వాలి, బయటికి పోయే దారి కూడా ఉండాలి. ఆ తర్వాతా తప్పదనుకుంటే, ఎవరు కాల్చాలి, ఎవరిని గురి చూడాలి, ఎన్ని తూటాలు అన్నది అధికారి పేరు పెట్టి చెబుతారు. ఒక్కొక్క తూటా, నడుము కిందకి గురి. గుంపు విరగడం మొదలైతే వెంటనే ఆపాలి.

గాల్లోకి కాల్చడం నిషిద్ధం. సినిమాల్లో చూసి అదే మెత్తని పద్ధతి అనుకుంటారు. పైకి పోయిన తూటా ఎక్కడో దిగుతుంది, వీధి అవతల డాబా మీద నిలబడ్డ మనిషికి తగులుతుంది. పైగా శబ్దమే తప్ప ఏమీ కాదని గుంపుకు ధైర్యం వస్తుంది. తర్వాత నిజంగా కాల్చాల్సి వచ్చినప్పుడు ఇంకా ఎక్కువమంది పోతారు.

అయ్యాక పడినవాళ్లకు చికిత్స, ఖాళీ తూటా తొడుగులు ఏరి లెక్క, ఎన్ని తెచ్చాం ఎన్ని మిగిలాయి, ఎవరు ఎన్ని కాల్చారు, అంతా రాతలో. పట్టుకున్నవాళ్లను ఆలస్యం లేకుండా పోలీసులకు అప్పగించాలి. సైన్యానికి లాకప్పు లేదు, కేసు పెట్టే అధికారమూ లేదు.

లంకపల్లెకుర్రోడు
మరి లాఠీ, టియర్ గ్యాస్ వాడచ్చు కదా? తుపాకీ ఎందుకు?

కాలమ్_నంబర్_రెండు
అవి పోలీసు పనిముట్లు. సైన్యం వాటితో సాధన చేయదు, చేయించకూడదు కూడా. సైన్యం వచ్చిందంటే లాఠీ, గ్యాసు దశ దాటిపోయిందని అర్థం. అందుకే చాలాసార్లు ఫ్లాగ్ మార్చ్ దగ్గరే ఆగుతుంది: బండ్లు, ఆయుధాలు, కవాతు, జనానికి చూపించడం. కాల్చాల్సి రాకపోవడమే ఆ కాలమ్‌కు విజయం. వారాల తరబడి రోడ్ల మీద తిప్పితే ఆ బెదురు కరిగిపోతుంది. మూడో రోజుకి పిల్లలు సెల్ఫీలకొస్తారు.

అట్లాంటా_అంబాజీపేట
పోలీసు పద్ధతి వేరు, సైన్యం పద్ధతి వేరు అని కాలమ్ గారు చెప్పినదానికి అమెరికాలో పాఠంగా చెప్పేది ఒకటుంది. 1992 లాస్ ఏంజెలెస్ అల్లర్లప్పుడు కాంప్టన్‌లో ఒక ఇంటి గొడవకు పోలీసులు, మెరీన్లు కలిసి వెళ్లారు. లోపల్నుంచి షాట్‌గన్ పేలింది. పోలీసు అధికారి “కవర్ మీ” అని అరిచాడు. పోలీసు భాషలో దానికి అర్థం “తుపాకీ ఎత్తి సిద్ధంగా ఉండు, అవసరమైతేనే కాల్చు”. మెరీన్ భాషలో “నేను కదిలే దాకా ఆపకుండా కాల్చు”. ఆ ఇంట్లోకి 200కు పైగా తూటాలు పోయాయి. ఎవరూ చనిపోకపోవడం అదృష్టం.

అక్కడ మేజిస్ట్రేటు ఫారం లాంటిది లేదు. 1878 నాటి పాసీ కమిటేటస్ చట్టం సైన్యాన్ని పోలీసు పనికి వాడొద్దంటుంది, 1807 నాటి ఇన్సరెక్షన్ చట్టం మినహాయింపు ఇస్తుంది. 1957లో లిటిల్ రాక్‌లో తొమ్మిది మంది నల్లజాతి పిల్లల్ని బడిలోకి పోనివ్వకుండా గవర్నరు నేషనల్ గార్డ్‌ను (రాష్ట్రాల చేతి కింది రిజర్వు సైన్యాన్ని) పెడితే, అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ అదే గార్డ్‌ను తన చేతిలోకి తీసుకుని, 101వ ఎయిర్‌బోర్న్ నుంచి వెయ్యి మందికి పైగా సైనికులను పంపాడు. 2025 జూన్‌లో లాస్ ఏంజెలెస్‌కు గవర్నరు వద్దన్నా సుమారు 4,000 మంది గార్డ్, 700 మంది మెరీన్లు వెళ్లారు. సెప్టెంబరు 2న ఒక ఫెడరల్ జిల్లా జడ్జి ఇది 1878 చట్టానికి విరుద్ధమన్నారు, ప్రభుత్వం అప్పీలుకు వెళ్లింది.

అడగాలనుకున్నది ఇదీ: మన దగ్గర రాష్ట్రం వద్దంటే కేంద్రం పంపగలదా?

కోర్టుగుమ్మం
కాగితం మీద పంపగలదు. 1976లో 42వ సవరణ ఏడో షెడ్యూలు కేంద్ర జాబితాలో 2ఏ అనే అంశం చేర్చింది: పౌర అధికారానికి సాయంగా ఏ రాష్ట్రంలోనైనా కేంద్ర సాయుధ దళాలను మోహరించడం. రాష్ట్ర జాబితాలోని శాంతిభద్రతల అంశం నుంచి ఆ దళాల వాడకాన్ని మినహాయించారు. దానికి తోడు 355వ అధికరణం, లోపలి కల్లోలం నుంచి రాష్ట్రాన్ని కాపాడటం కేంద్రం బాధ్యత అంటుంది. సర్కారియా కమిషన్ కూడా కేంద్రానికి ఆ అధికారం ఉందనే చెప్పింది, రాష్ట్రంతో సంప్రదించడం మేలని జతచేసింది.

కానీ పంపడం వేరు, వాడటం వేరు. 1997లో నాగా పీపుల్స్ మూవ్‌మెంట్ కేసులో సుప్రీంకోర్టు “సాయంగా” అన్న మాట మీద ఆగింది. సాయం అంటే పౌర అధికారం అక్కడ ఉంటుంది, పనిచేస్తూ ఉంటుంది. సైన్యం దాని స్థానంలో కూర్చోకూడదు. వీధిలో గుంపును చెదరగొట్టాలంటే మళ్లీ 149 దగ్గరికే, అంటే మేజిస్ట్రేటు దగ్గరికే రావాలి. ఆయన రాష్ట్ర ప్రభుత్వం కింద పనిచేసే అధికారి. సహకరించని రాష్ట్రంలో దిగిన దళం రైల్వే స్టేషన్ల దగ్గర, కేంద్ర ఆస్తుల దగ్గర నిలబడుతుంది, అంతే.

ఏఎఫ్ఎస్‌పీఏ వేరే సంగతి. అది సాయుధ దళాల ప్రత్యేక అధికారాల చట్టం, 1958 నాటిది, ‘కల్లోలిత ప్రాంతం’ అని ప్రకటించిన చోటే. అక్కడ నాన్ కమిషన్డ్ అధికారి కూడా హెచ్చరించి కాల్పులకు ఆదేశించగలడు, మేజిస్ట్రేటు అక్కర్లేదు. ఆంధ్రలో అది లేదు. మార్షల్ లా ఇంకా వేరు, రాజ్యాంగం వచ్చాక దేశంలో ఎక్కడా విధించలేదు. పేపర్లలో ఈ మూడింటినీ కలిపి “సైనిక పాలన” అని రాసేస్తుంటారు.

పంటురేవు
చట్టం బాగానే ఉందండీ, దారి సంగతి చూద్దాం. సైన్యం వస్తే ఎక్కడి నుంచి వస్తుంది?

పదాతి దళాలు సికింద్రాబాద్ వైపు నుంచి రావాలి. రాజమండ్రి దాకానే రోడ్డున 400 కిలోమీటర్ల పైమాటే, ఆ పైన రావులపాలెం మీదుగా అమలాపురం ఇంకో 65. దగ్గరున్నది విశాఖలో నౌకాదళం, కాకినాడకు 150, 160 కిలోమీటర్లు. చట్టం నౌకాదళాన్ని కూడా లెక్కలోకి తీసుకుంది కాబట్టి, కోస్తాలో మొదట చేరేది తెల్లబట్టలవాళ్లు కావచ్చు. ఏదైనా సరే, పొద్దున్న పిలిస్తే ఆ సాయంత్రానికి అమలాపురం గడియార స్తంభం దగ్గర ఉంటారని అనుకోవద్దు.

కోనసీమ అంటే గౌతమి, వశిష్ఠ మధ్య ముక్క. లోపలికి రావాలంటే వంతెన దాటాలి. జొన్నాడ-రావులపాలెం, సిద్ధాంతం, చించినాడ-దిండి, యానాం-ఎదుర్లంక. వేళ్ల మీద లెక్క. వీటికి రెండు పక్కలా నాలుగు లారీలు అడ్డం పెట్టి గాలి తీసేస్తే కాలమ్ ఆగిపోయినట్టే. హర్యానాలో 2016లో అదే జరిగింది, రోడ్లన్నీ తెగ్గొడితే రోహ్‌తక్‌కు సైనికులను హెలికాప్టర్లలో దించారు. మన దగ్గర హెలికాప్టర్ దింపాలన్నా కొబ్బరితోటలు లేని చోటు కావాలి. కాలేజీ గ్రౌండ్లు, హైస్కూల్ గ్రౌండ్లు తప్ప ఏముంది?

లోపలి దారులు కాలువ గట్ల మీద. ఒక పక్క కాలువ, ఇంకో పక్క చేను, ఎదురుగా బండి వస్తే ఎవరో ఒకరు వెనక్కి పోవాలి. పెద్ద లారీ తిరగడానికి చోటుండదు. అందుకే తెలిసినవాళ్లు పెద్ద బండ్లను మెయిన్ రోడ్డు మీదే ఉంచి, జీపులు, టాటా ఏస్‌లతో లోపలికి పంపుతారు. కొబ్బరిచెట్టు అడ్డంగా పడేస్తే ఇంకో తలనొప్పి. పీచుచెక్క, మోటారు రంపం పళ్లు త్వరగా మొద్దుబారతాయి. గొలుసులు నాలుగైదు ఎక్కువ పెట్టుకోవాలి, రెండు గొడ్డళ్లు కూడా.

ఇంకొకటి. కాకినాడ నుంచి 216 జాతీయ రహదారి మీద అమలాపురం పోతే మధ్యలో యానాం తగులుతుంది. అది పుదుచ్చేరి. కాకినాడ కలెక్టరు ఇచ్చిన అధికార పత్రం యానాం పొలిమేరలో చెల్లదు. దాటుకుని పోవడం వరకూ ఇబ్బంది లేదు. వంతెన మొదట్లో గుంపు అడ్డుపడితే? ఆ గుంపును చెదరగొట్టమనే కోరిక యానాం వైపు మేజిస్ట్రేటు నుంచి రావాలి. ఎదుర్లంక చివర అడ్డుపడితే కోనసీమ కలెక్టరు వైపు నుంచి. ఒకే వంతెన, రెండు సంతకాలు.

పాత_జమాబందీ
పంటురేవు గారి మాటకు ఒక లెక్క కలుపుతాను. మూడు కాలమ్‌లు వస్తే ముగ్గురు మేజిస్ట్రేట్లు కావాలి, రాత్రీ పగలూ అంటే ఆరుగురు. విశాఖ, విజయవాడల్లో పోలీస్ కమిషనర్‌కే ఆ అధికారాలున్నాయి. రాజమండ్రిలో కమిషనరేట్ లేదు, ఎస్పీ ఉంటారు. కాబట్టి గోదావరి జిల్లాల్లో బరువంతా రెవెన్యూ మీదే: కలెక్టరు, జాయింట్ కలెక్టరు, ఆర్డీవోలు, తహసీల్దార్లు. అదే రోజు వాళ్లే 163 కింద నిషేధాజ్ఞలు ఇవ్వాలి, ఆసుపత్రి చూడాలి, శవపంచనామాలు చేయాలి, మంత్రుల ఫోన్లు ఎత్తాలి. పాత 144నే ఇప్పుడు 163 అంటున్నారు, అందరి నోటా ఇంకా 144యే.

సైన్యం దిగింది గానీ కదల్లేదు అన్న ఫిర్యాదు వెనక చాలాసార్లు ఇదే ఉంటుంది. 2002 గుజరాత్ అల్లర్లప్పుడు అహ్మదాబాద్ విమానాశ్రయంలో దిగాక వాహనాలు, మేజిస్ట్రేట్లు, దారి చూపే పోలీసులు లేక చాలాసేపు ఆగామని ఆ డివిజన్‌ను నడిపించిన జనరల్ జమీరుద్దీన్ షా తర్వాత చెప్పారు. సుప్రీంకోర్టు వేసిన దర్యాప్తు బృందం అది ఒప్పుకోలేదు. ఎవరి మాట నిజమైనా, ఏవి లేకపోతే కాలమ్ ఆగిపోతుందో ఆ జాబితా మాత్రం సరైనదే. అందుకే బస్సులు ఎన్ని, డీజిల్ ఏ బంకులో, ఎవరు ఏ తహసీల్దారుతో అన్నది శాంతిగా ఉన్నప్పుడే ఫైల్లో ఉండాలి.

సిగ్నల్_లేదు
ఇంటర్నెట్ ఆపడం గురించి ఎవరూ రాయలేదు. 2022 మేలో కోనసీమలో రోజుల తరబడి ఆపారు కదా. ఆ ఆర్డరు కలెక్టరు ఇవ్వకూడదు. రాష్ట్రంలో హోంశాఖ కార్యదర్శి స్థాయిలో ఇవ్వాలి, లిఖితపూర్వకంగా, కారణాలతో, ఒకసారికి 15 రోజులు మించకుండా. 2020 జనవరిలో అనురాధా భాసిన్ కేసులో సుప్రీంకోర్టు ఆర్డర్లను ప్రచురించి తీరాలంది.

పని వైపు నుంచి చూస్తే, నెట్ ఆపితే గుంపు ఒక్కటే గుడ్డిది అవ్వదు. ఈ రోజుల్లో తహసీల్దారు నుంచి వీఆర్వో దాకా అంతా వాట్సాప్ మీదే. లొకేషన్ పంపడం, ఫొటో పంపడం, ఆర్డరు కాపీ పంపడం అన్నీ ఆగిపోతాయి. సైన్యం సెట్లు పోలీసు సెట్లతో నేరుగా మాట్లాడవు. అందుకే పోలీసు సెట్టు మనిషి కాలమ్ అధికారి బండిలోనే కూర్చోవాలన్నది. ముద్రించిన మండల మ్యాపులు, వీలైతే వార్డు మ్యాపులు, పది కాపీలు ముందే తీయించి పెట్టుకోవాలి. పుకారును ఆపడానికి నెట్ ఆపితే, ఆ ఖాళీలోకి మైకు బండి వెళ్లాలి. అది వెళ్లకపోతే నోటిమాట పుకారు ఇంకా వేగంగా పోతుంది.

లంకపల్లెకుర్రోడు
ఏదైనా లోకల్ పోలీసుల కన్నా మిలిటరీ నయం అంటాను. వాళ్లకి మన కులాలు తెలీవు, మన ఎమ్మెల్యే తెలీదు.

కాలమ్_నంబర్_రెండు
సగం నిజం. కులం తెలియకపోవడం వల్లే రెండు పక్షాలూ నమ్ముతాయి. అదే కారణంగా, ఏ సందులో ఎవరుంటారో, ముందున్న నలుగురిలో రెచ్చగొట్టేవాడెవడో, బుజ్జగించేవాడెవడో కూడా తెలీదు. ఆ సమాచారం మళ్లీ స్థానిక పోలీసే ఇవ్వాలి. అతను తప్పు వేలు చూపిస్తే పరాయివాడి తుపాకీ తప్పు వైపే తిరుగుతుంది.

కోర్టుగుమ్మం
జవాబుదారీ కూడా చూడాలి. 151 ప్రకారం సైనికుడి మీద ప్రాసిక్యూషన్‌కు కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి, పోలీసు, మేజిస్ట్రేటు అయితే రాష్ట్రానిది. అనుమతి కావాల్సింది కోర్టులో కేసు నడపడానికి, ఎఫ్ఐఆర్ వేయడానికి కాదు. 2016లో మణిపూర్ ఎన్‌కౌంటర్ల కేసులో, కల్లోలిత ప్రాంతంలోనైనా పూర్తి మినహాయింపు లేదని సుప్రీంకోర్టు అంది. ఆచరణ వేరు. నాగాలాండ్‌లో 2021 డిసెంబరులో ఓటింగ్ అనే ఊరి దగ్గర సైనికుల కాల్పుల్లో పౌరులు చనిపోయిన ఘటనలో రాష్ట్ర పోలీసులు 30 మంది సైనికుల మీద ఛార్జిషీటు వేశారు. 2023లో కేంద్రం అనుమతి ఇవ్వలేదు, 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ కేసుల విచారణ ముగించింది. స్థానిక ఎస్సై మీద అయితే కనీసం మన అసెంబ్లీలో అడగవచ్చు.

మోడరేటర్
2022 ఘటన మీద కులాల పేర్లతో వచ్చిన మూడు వ్యాఖ్యలు తొలగించాను. విషయం మీదే ఉండండి.

ఏజెన్సీ_అంచు
మన పక్కనే పాత ఉదాహరణ ఉంది. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్లలో తుపాకులు పోయాక మద్రాసు ప్రభుత్వం మలబార్ స్పెషల్ పోలీసును దింపింది, చాలక అస్సాం రైఫిల్స్‌ను తెప్పించింది. రెండూ పేరుకు సైన్యం కాదు. 1924 మే 7న అల్లూరిని చంపేదాకా దాదాపు రెండేళ్లు పట్టింది. “సైన్యం కాదు, పోలీసులే” అంటూ సైన్యంలా పనిచేసే దళాన్ని పెట్టుకోవడం అప్పటి అలవాటే, ఇప్పుడు కొత్తగా కనిపెట్టింది కాదు.

గౌతమిగట్టు
వరదల సంగతి ఎవరైనా చెబుతారా? మన దగ్గర సైన్యం అవసరం ఎక్కువగా అక్కడే కదా.

పంటురేవు
అక్కడ చట్టమే వేరు. తుపాకీ లేదు, 149 లేదు. విపత్తు నిర్వహణ చట్టం 2005, కలెక్టరే జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ అధ్యక్షుడు. మొదట వచ్చేది ఎన్డీఆర్ఎఫ్. 10వ బెటాలియన్ విజయవాడ పక్కన కొండపావులూరులో ఉంది, దాదాపు అన్నిసార్లూ అదే ముందు చేరుతుంది. సైన్యం, నౌకాదళం ఆ తర్వాత.

ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ప్రవాహం లెక్కన 10, 13, 17 లక్షల క్యూసెక్కులు. 1986 ఆగస్టులో 35 లక్షలు దాటింది, 2022 జూలైలో 25 లక్షలు దాటింది. రెండో హెచ్చరిక వచ్చేసరికే కనకాయలంక, ఎదురుబిడియం లాంటి కాజ్‌వేలు మునిగి ఉంటాయి. కాబట్టి పడవలను మూడో హెచ్చరిక దాకా ఆపి పంపితే రోడ్డు మీద నిలబడి చూడటమే. రెండోది రాకముందే లంక అవతలి ఒడ్డుకు చేర్చాలి.

బయటి బృందాలు తప్పు చేసేది ఇక్కడ. రబ్బరు పడవ మోటారు ఫ్యానుకు గుర్రపుడెక్క చుట్టుకుంటుంది, చేపల వల చుట్టుకుంటే ఇంకా కష్టం. ప్రతి పడవలో కొడవలి, విడి పిన్నులు, తెడ్లు ఉండాలి. మునిగిన కొబ్బరి మొద్దు, ఇనుప కంచె పడవ అడుగును చీరేస్తాయి. ఊరి పడవవాడిని ముందు కూర్చోబెట్టుకుంటే ఈ తిప్పలు సగం తగ్గుతాయి. కరెంటు తీగల కింద నీళ్లు పెరిగితే తల ఎత్తుకే వస్తాయి, సబ్‌స్టేషన్‌లో లైను ఆపినట్టు ఖరారు చేసుకోకుండా పడవ దించకూడదు.

హెలికాప్టర్‌కు సున్నంతో పెద్ద గుర్తు వేయండి, చుట్టుపక్కల రేకులు, టార్పాలిన్లు, తాటాకులు తీసేయండి. రెక్కల గాలికి రేకు లేస్తే కత్తే. జనం పొట్లాల కోసం కిందికి పరిగెత్తకుండా నలుగురు కుర్రాళ్లు తాడు పట్టుకోవాలి.

సిగ్నల్_లేదు
బిల్లు కూడా వస్తుందండోయ్. విమానాలు, హెలికాప్టర్ల ఖర్చు రక్షణశాఖ రాష్ట్రాన్ని అడుగుతుంది. 2024లో కేరళకు పాత వరదల నుంచి వయనాడ్ దాకా కలిపి రూ. 132 కోట్ల పైచిలుకు కట్టమని లేఖ వెళ్లింది, పెద్ద గొడవైంది.

అట్లాంటా_అంబాజీపేట
కాకినాడ తీరంలో అమెరికా, భారత్ కలిసి చేసే టైగర్ ట్రయంఫ్ విన్యాసాలు అందుకేనా? 2019 నవంబరులో ఆ వీడియోలు చూసి ఇక్కడి గ్రూపుల్లో యుద్ధం అన్నారు.

కాలమ్_నంబర్_రెండు
అవును, విపత్తు సాయం సాధన. ఓడ నుంచి బండ్లను ఒడ్డుకు దించడం, సహాయ శిబిరం, వైద్య శిబిరం నిలబెట్టడం. ఊళ్లో గుంపులతో దానికి సంబంధం లేదు.

లంకపల్లెకుర్రోడు
సరే, ఒకవేళ నిజంగా కాలమ్ వీధిలోకి వస్తే మామూలు మనిషి ఏం చేయాలి? పనికొచ్చేది చెప్పండి.

పాత_జమాబందీ
చూడ్డానికి గుమిగూడొద్దు. చెదరగొట్టేవాళ్ల కంటికి చూసేవాడూ గుంపులో మనిషిలాగే కనిపిస్తాడు. డాబా మీద ఫోన్ పట్టుకుని నిలబడొద్దు, కింద నుంచి చూసేవాడికి అది రాయో ఫోనో తెలీదు. మైకులో హెచ్చరిక వినిపిస్తే వాదించకుండా పక్క సందులోకి తప్పుకోండి. గుర్తింపు కార్డు జేబులో ఉండాలి. కర్ఫ్యూ పాసు సైన్యం ఇవ్వదు, తహసీల్దారు ఆఫీసులోనో పోలీస్ స్టేషన్‌లోనో అడగాలి. మనిషిని పట్టుకెళ్లారంటే ముందు స్టేషన్‌కు వెళ్లండి, అప్పగింత అక్కడే జరుగుతుంది. 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలన్న నియమం మారలేదు.

గౌతమిగట్టు
చివరగా ఒకటి. కర్ఫ్యూ పెడితే నర్సాపురం, సఖినేటిపల్లి మధ్య ఏరు దాటించే పంటు (బల్లకట్టు పడవ) ఆగుతుందా? ప్రతిసారీ ఈ గందరగోళమే.

పంటురేవు
ఆర్డర్లో రాస్తేనే ఆగుతుంది. సఖినేటిపల్లి ఒడ్డు కోనసీమ, నర్సాపురం ఒడ్డు పశ్చిమ గోదావరి. ఇటు కలెక్టరు ఆపి అటు కలెక్టరు ఆపకపోతే, పంటు అవతల నిండుతుంది, ఇవతల దింపడానికి వీల్లేక మధ్య ఏట్లో తిరుగుతుంది. ఇద్దరి ఆర్డర్లలోనూ రేవుల పేర్లు, ఒకే గంట రాయాలి. ఆఖరి పంటు ఏ ఒడ్డున కట్టేయాలో కూడా రాయాలి, లేకపోతే రాత్రికి దాన్ని ఎవరో ఒకరు విప్పేస్తారు.